తారుమారైన తత్వవేత్తలు

మామయ్య బైండింగు షాపులో జిగురు గిన్నె పక్కన ఆమె తన లైబ్రరీ పుస్తకాన్ని, లావుపాటిదాన్ని, దబ్బున పడేసింది.

"మామయ్యా, ఈ తత్వవేత్త సగం దాకా రాజు మాటకు తిరుగులేదంటాడు. తర్వాత, రాజు ప్రజలతో చేసుకున్న ఒప్పందం తప్పితే దించెయ్యమంటాడు. మధ్యలో మనసు మార్చుకున్నాడని థీసిస్ రాశాను."

"రాస్తే ఏమైందే?"

"మా ప్రొఫెసర్ సంతకం పెట్టనంటున్నారు. ఆ తత్వవేత్త ప్రజల పక్షాన మొదలెట్టి రాజు పక్షాన తేలాడట! రేపే గడువు. సంతకం లేకపోతే నా చదువంతా బూడిదలో పోసిన పన్నీరే."

మామయ్య పేజీలు తిరగేశాడు. మధ్యలో కుట్టు దగ్గర అతని వేలు ఆగింది.

"అమ్మడూ, ఏళ్ల క్రితం మీ లైబ్రరీవి రెండు పుస్తకాలు ఒకేసారి విప్పి కుట్టాను. ఇద్దరు వేర్వేరు మనుషులు రాసినవి. ఒకే సైజు, ఒకే అచ్చు. సగాలు తారుమారయ్యాయి. పేరున్న పేజీలు ఊడిపోతే రెండు అట్టల మీదా ఒకే పేరు వేసేశాను."

"అంటే నేను సగం ఒకడిని, సగం ఇంకొకడిని చదివానా? మరి ఆ రెండో పుస్తకం?"

"అప్పుడే మీ ప్రొఫెసర్ ఇక్కణ్ణుంచి పట్టుకెళ్లాడు. ఏళ్ల తరబడి అదే పాఠం చెబుతున్నాడు పాపం!"

ఆమె స్టూలు మీద కూలబడింది. "ఇప్పుడెవరి వాదన తప్పు?"

"మీ ఇద్దరిదీనూ. ఒప్పందం చేసుకోండి. నువ్వీ సంగతి బయటపెట్టకుండా ఆయన పరువు కాపాడు, ఆయన నీకు సంతకం పెడతాడు."

"మామయ్యా, ఆ ఒప్పందంలో నేను రాజునా, ప్రజలనా?"