సిద్దిరాములు తిప్పని స్క్రూ

ఏందే కావ్యా, గీ సీడీ డబ్బకు ముందర ఎర్రగ ఎలుగుతున్న ఎల్‌ఈడీనే పీకి లోపట లేజరు జాగల పెడితె పాయె అంటున్నవా? నేను గూడ మీ తాతతోని గిట్లనే అన్న. మంచిర్యాల స్టేషన్ రోడ్డుల సీడీ మెకానిక్ సిద్దిరాములు అంటె ఎవ్వలన్న చెప్పేటోళ్లు. నేను పక్కపొంటి కూసోని స్పిరిటుల దూది ముంచి ఇచ్చేదాన్ని. ఇగ నవ్విండు సూడు. "పిచ్చిదానా, ఎల్‌ఈడీ ఎలుగంటె అంగడి ఇడిశినంక జనం లెక్క, ఎవ్వని దిక్కు వాడు పోతడు. లేజరట్ల గాదు. బతుకమ్మల మీరందరు ఒక్కటే అడుగేస్తరు గదా, గట్ల ఒక్కతీరుగ, ఒక్క దిక్కే పోతది. గందుకే దాన్ని సూదిమొనంత చేయొచ్చు. గా మొనతోనే సీడీ బిళ్ల మీది సన్న గుంతలు సదువుతది. ఎల్‌ఈడీ పెడితె ఎలుగొస్తది, సదువు రాదు" అన్నడు. ఆ, నా అన్నం సంగతి తర్వాత, నువ్వు తిను.

మంచిగనే చెప్పేటోడు గని కోపం ముక్కు మీదుంటుండె. లేజరుకు కరెంటు పెంచనీకి గిదో, గీ చిన్న స్క్రూ. ఎల్‌ఈడీకి కొంచెం కరెంటిస్తె కొంచెం ఎలుగుతది. లేజరేమో కరెంటు ఓ గీత దాటేదాక ఉత్త ఎలుగే, దాటితెనే లేజరు. పాతగైనకొద్ది ఆ గీత మీదికి జరుగుతది. మిగితా మెకానిక్‌లు స్క్రూ తిప్పి, పాడుతుంది తీస్కపో అని పంపుతుండిరి. మీ తాత మాత్రం ముట్టేటోడు కాదు. "ముసలెద్దును ముల్లుగర్రతోని పొడిస్తె ఇయ్యాల నడుస్తది, రేపు పండుకుంటది" అని గిరాకీలతోని లొల్లి. ఇంట్ల నేను పరేషాన్.

ఆయన ఫోటో అంటె ఓటుకార్డు మీదిదే, దొంగను పట్టుకొచ్చినట్టుంటడు. కదులుతుంటె సూడాల్నంటె గీ మా సుట్టాల పిల్ల రోజారాణి లగ్గం బిళ్లొక్కటే. లక్సెట్టిపేటల, మైకు ఖరాబైందంటె పోయిండు, నేను గూడ ఎంబడి పోయిన. కెమెరా అన్నాల బంతుల పొంటి తిరుగుతుంటె అడ్డమొచ్చిండు. నోట్లున్న స్క్రూడ్రైవరు తీసి, నా దిక్కు సూశి, "తిన్నవా" అన్నడు. మాట ఇనరాదు, వీడియోవోళ్లు మీద పాట పెట్టిండ్రు. పెదవులు కదులుతయంతే. ఏమన్నడో నాకొక్కదానికే ఎరుక. ఆయన పోయి తొమ్మిదేండ్లాయె, అప్పటిసంది దినాం సూస్తున్న. మొన్నటిసంది బిళ్ల తిరుగుతది గని బొమ్మ వస్తలేదు. గీతలు పడ్డ బిళ్ల, షాపోళ్ల కంప్యూటర్లు సదువలే. ఆయన సరిజేసిన గీ డబ్బనే సదివేది. డబ్బల లేజరు పాతగైంది, కొత్తది యాడ దొరుకుతలేదు.

స్క్రూ తిప్పితె ఒక్కపారి వస్తడేమో. మల్ల రాకపోవచ్చు. ఉంటె తిట్టేటోడే. తిట్టనీ, ఆ తిట్లు ఇనాల్నని పాణం కొట్టుకుంటుంది బిడ్డా. నువ్వు ఫోన్ టీవీ దిక్కు పెట్టి తియ్యి. డబ్బ మీదికి వంగకు, లేజరు కండ్లకు మంచిది గాదు. ఇగో, తిప్పుతున్న. జరంత. ఇంక జర. పాటొస్తుంది, ఆగు. గది రోజారాణి. గవి బంతులు. మాట్లాడకు.

వచ్చిండు.

లేదు, ఇంకా తినలే.