మూఢంలో వారంటీ

కూర్చో రాజీవ్, ముందా కాగితాలు పక్కన పెట్టు. మోటార్‌హోమ్‌కి ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకోవాలా వద్దా అని నన్నడుగుతావేంటయ్యా? మన ట్రాయ్ ఊళ్ళో ఆ సబ్జెక్ట్‌లో పీహెచ్‌డీ చేసినాయన మల్లికార్జునరావు గారు. పోయి చాలా ఏళ్ళయింది. నీకు తెలీదులే, అప్పటికి నువ్వింకా ఇండియాలో ఇంజినీరింగ్ బ్యాక్‌లాగులు కట్టుకుంటున్నావ్. కార్ల కంపెనీలో బ్రేకులు టెస్ట్ చేసేవాడు. జన్మంతా బండి ఆపడమే నేర్చుకున్నాడు మహానుభావుడు, పోనివ్వడం చేతకాలేదు. పకోడీ తీసుకో, చల్లారిపోతాయి. ఆఁ, రిటైరయ్యాక నీలాగే ఇంత పొడుగు బండి కొన్నాడు. లోపల స్టవ్వు, మంచం, షవరు, అన్నీ. వాళ్ళావిడ జ్ఞానప్రసూన నాకు ప్రాణస్నేహితురాలు. దానికి ఒక్కటే కోరిక. ఎల్లోస్టోన్‌లో నేలలోంచి వేడినీళ్ళు ఎగజిమ్ముతాయే, అది మొగుడి పక్కన నిలబడి చూడాలని. కొబ్బరికాయ కొట్టారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. ఇదిగో, ఆయన చేతుల్లో ఆ బండి చేసిన ప్రయాణం అంతే!

ఎందుకంటావా? కంపెనీ వారంటీ ఇంకో ఏడాదే ఉందట, ఎక్స్‌టెండెడ్ తీసుకున్నాకే కదుల్దాం అన్నాడు. అయ్యా, ఉన్న ఏడాదిలో ఓసారి వెళ్ళిరండి అన్నాను. "తిప్పితే మీటర్లో మైళ్ళు పెరుగుతాయండీ లీలావతి గారూ, వారంటీ రేటు మారిపోతుంది" అన్నాడు. ఇక కనిపించిన ప్రతివాణ్ణీ అడగడమే. ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతానికెళ్తే కథ మధ్యలో పంతులు గారిని కూడా అడిగాడంటే నువ్వు నమ్మవు. ఆయన ఊరుకోక పంచాంగం చూడమన్నాడు, ఈయన ఇంటికొచ్చి చూశాడు. ఇంకేముంది, మూఢం! "శుక్రుడు అస్తమించాడే, ఇప్పుడు కొత్త అగ్రిమెంట్‌లు కలిసిరావు" అన్నాడట. "వారంటీకి పెళ్ళేమన్నా చేస్తున్నారా?" అని ప్రసూన తల బాదుకుంది. మూఢం పోయింది, దాంతోపాటు కంపెనీ వారంటీ కూడా పోయింది. డీలర్ దగ్గర కుర్రాడేమో "నో ప్రాబ్లమ్ సర్, ఒక్కసారి ఇన్‌స్పెక్షన్‌కి తీసుకురండి, ఇచ్చేస్తాం" అన్నాడు. ఈయన కళ్ళెర్రజేసి, "వారంటీ లేని బండిని రోడ్డెక్కించమంటాడా? బుద్ధుందా వాడికి?" ఇదీ వరస! నవ్వకు, నువ్వూ ఇంజినీరువే. చలికాలం వస్తే కవరు కప్పేవాడు, పోతే తీసేవాడు. ఆ పిచ్చిది మాత్రం ఫ్లాస్కులో టీ పోసుకుని వెళ్ళి, డ్రైవ్‌వేలో ఉన్న ఆ బండిలో కిటికీ పక్కన కూర్చుని తాగేది. కిటికీలోంచి కనిపించేదేంటి? వాళ్ళ గ్యారేజ్ తలుపు.

చివరికి ఓ మార్చిలో, మంచు తవ్వుతూ తవ్వుతూ ఆ బండి పక్కనే కూలబడిపోయాడు. గుండె. నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఏం మనిషయ్యా అది! సంవత్సరీకాలు అయ్యాక ఓ పొద్దున ప్రసూన మా ఇంటి ముందు ఆ బండి ఆపి, "లీలా, ఎక్కు" అంది. గుడి వ్యాన్ తోలిన చెయ్యి దానిది, ఇదో లెక్కా? దారిలో ఆగిందా అంటావా? ఆగింది. కాఫీకి, బండిలో గ్యాస్ పోయించడానికి. ఎల్లోస్టోన్‌లో ఆ నీళ్ళు ఆకాశానికి లేవగానే జనమంతా చప్పట్లు కొట్టారు. ఇది మాత్రం పక్కకి తిరిగి "చూశారా అండీ" అంది. పక్కన ఉన్నది నేను.

ఇంకోటి విను. ఆ వారంటీ ఫోన్లు ఇప్పటికీ ఆయన పేరు మీదే వస్తాయి. "మిస్టర్ రావ్, ఇదే మీకు ఆఖరి ఛాన్స్" అంటారు. ప్రసూన ఎంతో మర్యాదగా "హోల్డ్ ఆన్ ప్లీజ్, హీ ఈజ్ స్టిల్ థింకింగ్" అని, ఆ ఫోన్ తీసుకెళ్ళి దండేసిన ఆయన ఫొటో ముందు పెట్టేసి, వెళ్ళి బెండకాయలు తరుక్కుంటుంది. పాపం వాడెవడో అటు హలో, హలో అని... ఆ హారనేంటి? మన ఇంటి ముందే మోగుతోంది? ఓరి నీ ఇల్లు బంగారం గానూ, మీ ఆవిడ రిషితని ఇంతసేపూ బండిలో కూర్చోబెట్టి వచ్చావా? లే. లే ముందు.