అమ్మకానికి కాదు, వచ్చే వేసవికి

అయస్కాంతం పెట్టి చూశాడు వదినా, ఇంకేం చేస్తాడు! నువ్వు పంపించిన ఆ గ్యారెట్ అబ్బాయే. పాత కార్లు బాగుచేయడంలో ఇండియానా మొత్తంలో అంతటోడు లేడన్నావే, ఆ మహానుభావుడు తన అయస్కాంతం ఇంట్లో మర్చిపోయొచ్చాడు. "అమ్మా, మీ ఫ్రిజ్జు మీదది ఒకటివ్వండి" అన్నాడు. ఇంకేముంటుంది నా దగ్గర? కోడిపుంజు బొమ్మది ఇచ్చా.

దాన్ని గుడ్డలో చుట్టి మీ అన్నయ్య కారు ఒళ్ళంతా తడిమాడు. డాక్టరు గుండె చప్పుడు వింటాడే, అలాగ మెడ పక్కకి వంచి మరీ. రేకున్న చోట టక్కున అంటుకుంటోంది. సొట్టలు పూడ్చిన లప్పం ఉన్నచోట జారిపోతోంది. వెనకవైపు ఎడం పక్కకి వచ్చేసరికి నా కోడిపుంజు దబ్బున కిందపడి తురాయి విరిగింది!

"అమ్మా, ఇక్కడ రేకే లేదండీ, అంతా లప్పమే" అన్నాడు, ఎవరో పోయినట్టు మొహం పెట్టి.

నాకు తెలీదా? ఆ లప్పం కలిపింది ఎవరనుకున్నావు? మీ అన్నయ్య వెనక్కి చూడకుండా వెనక్కి పోనిచ్చి చర్చి ముందున్న 'అందరికీ స్వాగతం' బోర్డుని గుద్దేశాడు చూడు, అప్పుడు. కేకు పిండి కలిపే గిన్నెలో నేనే కలిపిచ్చా.

ఆ గిన్నే. నీకు బంగాళాదుంపల సలాడు పంపిస్తానే, అదే. అయ్యో, బాగా కడిగాను వదినా! ఏమైంది ఇప్పుడు, బతికే ఉన్నావుగా?

సరే, విను. ఇంకా ఇక్కడే ఉన్నాడు ఆ అబ్బాయి. కొట్టం ముందు నిలబడున్నాడు. ట్రైలరు కూడా తగిలించుకునొచ్చాడు. కాఫీ పెడతానని లోపలికొచ్చి నీకు ఫోను చేశా. నేను ఊఁ అంటే ఇప్పుడే కారు ఎక్కించుకుని పోతాడు.

అయస్కాంతమయ్యాక బానెట్టు ఎత్తాడా, లైటు పెట్టి ఇంజను మీద నంబరు వెతికాడు. దాని మీద నంబరూ కారు మీద నంబరూ ఒకటే అవ్వాలంట. కాలేదు. అవుద్దా? పుట్టినప్పటి ఇంజను మీ అన్నయ్య కారు పందేల్లో ఎప్పుడో పేల్చేశాడు. ఇది వేరేది, తుక్కు కొట్లోంచి తెచ్చుకున్నాడు. "అయితే దీని విలువ సగానికి సగం పడిపోయినట్టేనమ్మా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "బాబూ, మా ఆయనకి రెండు మోకాళ్ళూ మార్చారు. గుండెలో పంది కవాటం పెట్టారు. పళ్ళు ఒక్కటీ ఆయనవి కావు. ఆయన విలువ కూడా సగానికి పడిపోయిందా?" అన్నా.

పాపం, టోపీ తీసేశాడు.

ఆ కార్ల పిచ్చోళ్ళ సంగతి నీకు తెలుసుగా. ఎన్నేళ్ళ నుంచీ తలుపు కొడుతున్నారు! రోడ్డు మీద పోతూ కొట్టం సందులోంచి ఆ నేరేడుపండు రంగు కనబడితే చాలు, బ్రేకు తొక్కేస్తారు. "ఆ కారు అమ్ముతారా అండీ?" మీ అన్నయ్య ప్యాంటు పైకి లాక్కుని, రొమ్ము విరుచుకుని, "అమ్మకానికి కాదు. వచ్చే వేసవికి బాగుచేస్తున్నా" అనేవాడు. ప్రతి వేసవికీ వచ్చే వేసవే! ఆ మాటయ్యాక పోతారా? పోరు. బానెట్టెత్తి, జేబుల్లో చేతులు పెట్టుకుని, అందరూ అందులోకి తొంగిచూస్తూ నిలబడతారు. నేను కాఫీలు మోయాలి.

ఆఖరికి మీ అన్నయ్య పోయినప్పుడు, చర్చిలో శవపెట్టె తెరిచి ఉంచామా, ఒకాయన వచ్చి చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. నా చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేనూ ఏడ్చా. అప్పుడు చెవి దగ్గరికొచ్చి "కారింకా కొట్టంలోనే ఉందాండీ?" అన్నాడు!

నువ్వు నవ్వుతున్నావు. నేనూ నవ్వాననుకో, రుమాలు అడ్డం పెట్టుకుని. పాస్టరుగారేమో భుజం తట్టారు, కుమిలిపోతున్నాననుకుని.

అదికాదు వదినా, నీ మాట నాకు అర్థం కాక కాదు. "అన్నయ్య కోరిక కదా, బాగుచేయిద్దాం, జూలై నాలుగు స్వాతంత్ర్య దినం ఊరేగింపులో తిప్పుదాం" అన్నావు. నేనూ సరేననే అనుకున్నా, ఒట్టు. అందుకే రమ్మన్నా. అడిగా కూడా, "దీన్ని బాగుచేయడం దండగా కాదా, తేల్చి చెప్పు నాయనా" అని.

నిజమే చెప్పాడు, మంచోడు. "డబ్బు కోసమైతే దండగమ్మా. మనసు కోసమైతే చేద్దాం. ముందు మొత్తం ఊడదీయాలి. సీట్లూ, కింద తివాచీ, స్టీరింగూ అన్నీ పీకి, ఒట్టి రేకు మిగిలేదాకా గీకి, మళ్ళీ మొదలెడతా. ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చిన రోజున ఎలా ఉందో అలా చేసి మీ చేతికిస్తా" అన్నాడు.

ఆ రోజున అందులో మీ అన్నయ్య ఎక్కడున్నాడు వదినా?

లేదు, ఏడవట్లేదు. కాఫీ పొంగింది, ఆగు.

ఆఁ, ఉన్నావా? నీకొకటి చెప్పలేదు. ఇంటికొచ్చి ఆయన్ని చూసే నర్సు తిడుతుందని ఎవరికీ చెప్పలేదు.

మంచాన పడ్డాక ఒక సాయంత్రం మీ అన్నయ్య "నన్ను కొట్టంలోకి తీసుకెళ్ళు మేవిస్" అన్నాడు. చక్రాల కుర్చీ కంకర మీద దొర్లదు కదా. గడ్డి కోసే బండికి వెనక చిన్న తొట్టి ఉంటుందే, ఆకులు మోసేది, దాంట్లో దిళ్ళు పరిచి కూర్చోబెట్టి దుప్పటి కప్పా. నేను బండి నడిపా. సంతలో బహుమతి కొట్టిన గుమ్మడికాయలాగా ఊగుకుంటూ వచ్చాడు, "నెమ్మదిగా పోనీ, చంపుతావా!" అని అరుస్తూ. జన్మంతా నేను ఆయన్ని అన్న మాట!

ఎలాగో స్టీరింగు ముందు కూలేశా. నేను పక్కన కూర్చున్నా. ఎలుకల కంపు. తాళం తిప్పాడు. ఏముంది, టిక్కు మని కూడా అనలేదు. నావైపు చూడలేదు. నోటితోనే మొదలెట్టాడు వదినా, "బ్రూఁ... బ్రూఁ..." అని. మీ అన్నయ్య! ఊపిరాడని మనిషి! గేరు మారుస్తున్నాడు, మలుపు తిప్పుతున్నాడు, మధ్యలో దగ్గొస్తే "కార్బొరేటర్లో చెత్త పడింది" అంటాడు.

"ఎక్కడికి పోదాం?" అన్నాడు. "తినడానికి మంచి చెర్రీ పై ఎక్కడ దొరికితే అక్కడికి" అన్నా.

పోయాం. చాలా దూరమే పోయాం. తర్వాత బ్రేకు లాగి, "ఇంజను బాగానే ఉందే. వచ్చే వేసవికి బాగుచేద్దాం" అన్నాడు. సరే అన్నా.

ఆ సీటు ఇంకా అలాగే ఉంది. వెనక్కి జరిపి, ఆయన కాళ్ళకి సరిపోయేట్టు. నేను కూర్చుంటే నా కాళ్ళు అందవు. రోజూ కూర్చుంటున్నాలే.

ఇదిగో, తలుపు కొడుతున్నాడు. ఉండు, ఫోను పెట్టేయకు.

వస్తున్నా నాయనా! ఇదిగో కాఫీ. చూడు బాబూ, ఏమీ అనుకోకు. అమ్మకానికి కాదు, ఊడదీయడానికీ కాదు. వచ్చే వేసవికి బాగుచేస్తున్నాం. తాగేసి వెళ్ళు.

విన్నావా వదినా? ఏమన్నాడో తెలుసా? "అయితే ఒక్కసారి బానెట్టెత్తి చూసుకోనాండీ?" అన్నాడు. చూసుకోమన్నా. నిలబడ్డాడు, జేబుల్లో చేతులు పెట్టుకుని.

ఆఁ, ఆ సాయంత్రం తర్వాతేమైందా? ఇంకేముంది. తొట్టిలోనే వెనక్కి తీసుకొచ్చా. చేతికి గ్రీజంటితే తుడుస్తానన్నా, ఉండనీ అన్నాడు. పడుకోబెట్టి దుప్పటి కప్పా. తెల్లారేసరికి మీ అన్నయ్య లేడు.