ఏ బస్తా చూపినా

పందొమ్మిది వందల ఎనభై ఎనిమిది జూన్ ఆరవ తేదీన, చేతిలో నియామక పత్రంతో, కాళ్లకు అన్నగారి బూట్లతో మన గిడ్డంగి గుమ్మంలో అడుగుపెట్టిన ధాన్య పరీక్షకులు, తరువాతి కాలంలో మనందరి నోటా ‘గొట్టం మాస్టారు’గా స్థిరపడిన పెద్దలు, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. మొనదేలిన ఇనుప గొట్టాన్ని బస్తాలో గుచ్చి, అరచేతిలోకి జారిన గింజలను చూసి, కొరికి, వాసన పట్టి శ్రేణి నిర్ణయించి బస్తా మీద ముద్ర వేయడం వారి విధి. ఎనిమిదేళ్లు వారి ముద్రకు వంక పెట్టినవారు లేరు.

తొమ్మిదో ఏట వారి మామగారే రెండు వందల బస్తాల మొక్కజొన్న తెచ్చారు. ఇంటివాళ్ల సరుక్కి కూడా పొడుపులేనా అని ఆయన నవ్వితే, మాస్టారు మొహమాటపడి, ముందు వరుసలో నాలుగు బస్తాలు మాత్రం గుచ్చి మొదటి శ్రేణి ముద్ర వేశారు.

నెల తిరగకుండానే, మొదటి శ్రేణి మొక్కజొన్న మీద మదుపు పెట్టిన ఒక విశ్రాంత టైపిస్టు, ఇన్ని బస్తాలు తనవని చెప్పే గిడ్డంగి పత్రం పట్టుకొని వచ్చి, తన బస్తాలేవో చూపమన్నారు. ఇల్లయినా ఆవయినా ఫలానాదని చూపవచ్చుననీ, మదుపులో సరుకు అనిపించుకోవాలంటే మాత్రం ఒకే శ్రేణిలో ఒక బస్తాకు బదులు మరొకటి ఇచ్చినా తేడా ఉండరాదనీ మాస్టారు ఓపికగా వివరించారు.

“ఏవైనా నావేనంటే, ఏవీ నావి కావన్నట్టేగా నాయనా?”

“కాదమ్మా. మీరు వేలు పెట్టి చూపింది మీదే.”

ఆవిడ వెనక వరుసలో అడుగు బస్తా చూపారు. గొట్టం లాగితే బూజు వాసన కొట్టింది. అవి ఎవరి బస్తాలో మాస్టారికి తెలుసు. మరొకటి గుచ్చి చూపితే ఆవిడ సంతోషంగా వెళ్లిపోయేవారే. నిజం చెబితే ఉద్యోగానికీ, అత్తవారింటి మర్యాదకూ ఎసరే. అరచేతిలోని గింజలను ఆవిడ ముందుకు చాపారు.

“ముద్ర అబద్ధమైతే ఇది సరుకు కాదమ్మా, ఉట్టి గింజలు. తప్పు నాది.”

ఆవిడను వెంటబెట్టుకొనే అధికారి గదికి వెళ్లి, తన తప్పు తానే రాసిచ్చారు. ఆవిడకు మంచి బస్తాలు దక్కాయి. మామగారి బస్తాలు మూడో శ్రేణికి దిగాయి. మాస్టారి పదోన్నతి రెండేళ్లు ఆగింది. మామగారు పధ్నాలుగు నెలలు మాస్టారి ఇంటి గడప తొక్కలేదు; అటు మాట ఇటు, ఇటు మాట అటు మోయకుండా ఆ నెలలు నెట్టుకొచ్చిన ఘనత మాస్టారి సహధర్మచారిణిది.

ఆనాటి నుండి ఏ బస్తా గుచ్చాలో మాస్టారు తాము ఎంచుకోలేదు. లారీ డ్రైవరో, ఉత్తరాలు తెచ్చినాయనో, గుమ్మంలో ఎవరుంటే వారే చూపాలి. మొదట్లో మనం చాటుగా నవ్వుకున్న ఆ పద్ధతే నేడు మన గిడ్డంగి నియమం. ప్రధాన పరీక్షకులయ్యాక కూడా వారు గొట్టం మరొకరి చేతికివ్వలేదు.

మొన్న గురువారం వారి చివరి పరీక్షకు, ఎనభై తొమ్మిదేళ్ల మామగారు చేతికర్ర పట్టుకొని వచ్చారు. చూపండి మామయ్యా అన్నారు మాస్టారు. పెద్దాయన తీరిగ్గా బస్తాల చుట్టూ తిరిగి, కర్ర చాపారు.

“వెనక అడుగుది గుచ్చు అల్లుడూ. ముందువరస నాలాంటోళ్లు సర్దిపెడతారు.”

గింజ పొడిగా, గలగలలాడుతూ వచ్చింది. మాస్టారు దాన్ని తమ అరచేతిలో కాక మామగారి అరచేతిలో పోశారు.

ఇకమీదటి వారి జీవితంలో ఏ రోజును వేలు పెట్టి చూపినా, అది ఆరోగ్యంతో, ఆనందంతో నిండిన మొదటి శ్రేణి రోజే కావాలనీ, అటువంటి రోజులు ఆ దంపతులకు నిండు నూరేళ్లూ సాగాలనీ మనసారా కోరుకుంటున్నాము.