వెతుకులాట ఆపెయ్

రైలు పట్టాలు తప్పిన మధ్యాహ్నం. గాయపడ్డవాళ్ల వివరాలన్నీ వచ్చి చేరే కేంద్రంలో డేటాబేస్ చూసుకునే మరదలు, ఆసుపత్రిలో డాక్టరుగా ఉన్న బావ ఫోన్లో మాట్లాడుకుంటున్నారు.

“ఇంకా కదల్లేదా బావా?”

“కదలడమా? ఇక్కడ కంప్యూటర్ తెర కొయ్యబారిపోయింది. వరండా నిండా స్ట్రెచర్లు. పేరు ఎక్కందే రక్తం రాదు, పెద్దాసుపత్రికి పంపడానికి లేదు. అక్కడ నువ్వేం చేస్తున్నావమ్మాయ్?”

“ఒక వెతుకులాట పెట్టాను. పేరు చెప్పలేనివాళ్ల ఆనవాళ్లు సరిపోలుస్తోంది. సర్వరంతా దాని మీదే పడింది.”

“ఆపెయ్.”

“కాసేపట్లో అయిపోతుంది.”

“కాసేపంటే?”

“చెప్పలేను. తొందర్లో అన్ని ఆసుపత్రుల పాత రికార్డులూ కలిపి అడిగేశాను.”

“ఎవరి కోసం?”

“ఎవరో... ఒక కుర్రాడు. ఇంట్లోవాళ్లు అడిగారు.”

“ఇంట్లోవాళ్లు అందరికీ ఉంటారు. ఆపు.”

“సరే. ఆపడానికి కంట్రోల్ సి నొక్కాను.”

“ఇక్కడేం మారలేదే.”

ఆమె వేలు మీట దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

“నిజంగా నొక్కావా?”

“లేదు బావా. ఇప్పుడు నొక్కుతున్నా.”

నొక్కింది. రద్దు కోరినట్టు నల్లటి తెరమీద ఒక వరుస పడింది. ఆ తర్వాత ఏమీ లేదు.

“ఆగిందా?”

“ఆపమని చెప్పాను. సర్వర్ వినిపించుకోవడం లేదు.”

“ఆ విండో మూసిపారెయ్.”

“మూస్తే నా కంటికి కనపడదంతే. అక్కడ నడుస్తూనే ఉంటుంది.”

“మరింకేం దారి?”

“ఇంకో విండోలోంచి వెళ్లి, ఆ వెతుకులాట నంబరు పట్టుకుని చంపాలి. వెళ్లనివ్వడం లేదు. ఖాళీ లేదంటోంది.”

“మళ్లీ చూడు.”

“చూస్తూనే ఉన్నా.”

“ఇక్కడొక ముసలాయన నా చెయ్యి పట్టుకుని వదలడం లేదు. ఏం చెప్పమంటావు ఆయనకి? నువ్వు కాస్త—”

“వెళ్లనిచ్చింది. నంబరు దొరికింది. బావా... ఆపెయ్యమంటారా? మీరే చెప్పండి.”

“ఎన్నిసార్లు చెప్పాలి? చంపెయ్.”

ఆమె ఆ నంబరు కొట్టి ఎంటర్ నొక్కింది.

“చంపేశాను.”

“ఆఁ, కదిలింది. పేర్లు ఎక్కుతున్నాయి. బతికించావు తల్లీ.”

“ఏమీ దొరకలేదు బావా. సగంలో ఆపితే ఒక్క వరుస కూడా ఇవ్వదు.”

“రద్దీ తగ్గాక మళ్లీ పెడుదువుగానీ. అప్పటిదాకా ఓపిక పట్టమను వాళ్లని.”

“ఎలా చెప్పను?”

“చెప్పడానికేముంది? డాక్టరు ఆపించాడని నా మీద పెట్టెయ్. ఇంతకీ ఎవరు అడిగింది?”

“అక్క. మీ పెద్దాడు ఆ రైలే ఎక్కాడట బావా. మీ చేతులు వణుకుతాయని మీకు చెప్పొద్దంది.”