తీగల్లేని వీణ వాయించిన హన్మండ్లు

బోధన్ కళాకారులారా, హన్మండ్లు బంధువులారా, ముందు వరుసలో కూర్చున్న అతని ఇల్లాలు గంగమణి చెల్లెమ్మా, అందరికీ నమస్కారం. మన హన్మండ్లు పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. నిజామాబాద్ నుంచి మోస్రా దాకా ఏ పెళ్లిలో సితార్ వినబడినా, ఏ భజనలో తంబూరా వినబడినా అది అతనే. అతని ఇంట్లో మాత్రం బట్టలారేసే తీగ తప్ప ఇంకో తీగ లేదు! ఉన్నదల్లా ఒక కీబోర్డు.

నవ్వండి, ఫరవాలేదు. ఏడ్చుకుంటూ చెప్పే సంగతులు అతని దగ్గర తక్కువ.

మీట నొక్కితే వీణ పలుకుతుంది. ఎవరు నొక్కినా పలుకుతుంది. కానీ అది వీణేనని జనం నమ్ముతారా? హన్మండ్లు నమ్మించేవాడు. కుడిచేత్తో మీటలు నొక్కుతూ ఎడమచేత్తో స్వరాన్ని వంచే చక్రం తిప్పేవాడు. పాటకు ముందు కాసేపు తీగలు బిగిస్తున్నట్టు టింగుటింగుమనిపించేవాడు. "తీగె మరీ శుద్ధంగ మోగితే దొరికిపోతమన్నా, జెర బేసురు కలపాలె" అనేవాడు. వయొలిన్ పలికించేటప్పుడైతే గడ్డం ఎడమ భుజానికి ఆనించేవాడు. అక్కడ వయొలిన్ ఉందా? లేదు. మెడ పట్టేసిందనుకుని ఒకాయన స్టేజీ ఎక్కి మరీ బామ్ రాశాడు!

వర్ని దగ్గర క్యాంపు ఊళ్లో నాగేంద్రమ్మ గారని, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు కుటుంబంలో పెద్దావిడ. మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు అసలైన వీణే కావాలన్నారు. మనవాడు ఒప్పుకున్నాడు! "మా దిక్కు వీణ తెర సాటుకే వాయిస్తరమ్మా" అని అప్పటికప్పుడు ఒక ఆచారం పుట్టించి, తెర కట్టించుకుని కూర్చున్నాడు. పాట సగంలో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. వీణా ఆగింది. హన్మండ్లు తెరలోంచి తల బయటపెట్టి "తీగెలు తెగినయమ్మా" అన్నాడు. ఎన్ని? అన్నీ! పది నిమిషాలకు ఫ్యాన్లు తిరిగాయి, వాటితోపాటే తీగలూ అతుక్కున్నాయి. నాగేంద్రమ్మ గారు "ఏమయ్యా, మీ వీణకి మోటారు గానీ పెట్టారా?" అని పడీపడీ నవ్వి, పంక్తిలో అతనికి రెండు బూరెలు ఎక్కువ వేయించారు.

ఇక నా సంగతి. నేను వయొలిన్ ఆత్మారాంని. ఇరవై ఏళ్లు ఒకే బృందంలో ఉన్నాం. ఒకరోజు బృందం పెద్దలు "హన్మండ్లు దాంట్ల వయొలిన్ గూడ ఉన్నది గదా" అన్నారు. నన్ను పిలవడం మానేశారు. బోధన్ బస్టాండులో, నలుగురి ముందు, నేను హన్మండ్లును దొంగ అన్నాను. అతను తల వంచుకుని "ఒక్కపారి ఇంటికొచ్చి ఇనరాదే అన్నా" అన్నాడు. వెళ్లానా? లేదు. ఆరేళ్లు అతనితో మాట్లాడలేదు. ఎదురుపడితే రోడ్డు దాటేవాణ్ని.

నిన్న గంగమణి పిలిస్తే వాళ్లింటికి వెళ్లాను. కీబోర్డు ఆన్ చేసి చూడమంది. అతను తయారుచేసుకున్న స్వరాల పేర్లు వరసగా ఉన్నాయి. వీణ ఉంది. సితార్ ఉంది. సారంగి ఉంది. వయొలిన్ అనే పేరే లేదు. ఆ చోట "ఆత్మారాం అన్న" అని ఉంది.

మీట నొక్కాను. నా వయొలినే పలికింది. కమాను చివర నేను కాస్త గట్టిగా అదిమేస్తాను. నా తప్పది, మా గురువు కొట్టినా పోలేదు. ఆ తప్పును కూడా దిద్దకుండా అట్లాగే పెట్టుకున్నాడు. "నువ్వు లేకుంటే స్టేజీ మీద ఒక్కన్నే అయితున్న అనేటోడన్నా" అని గంగమణి చెప్పింది.

దొంగ అన్న మాట నలుగురిలో అన్నాను కనుక నలుగురిలోనే వెనక్కి తీసుకుంటున్నాను. హన్మండ్లూ, నన్ను మాఫ్ చెయ్యి.

మిత్రులారా, దయచేసి లేచి నిలబడండి. ఆరేళ్లు కోపంతో అతనితో మాట్లాడలేదు. ఈ రెండు నిమిషాలు కోపం లేకుండా మౌనంగా ఉంటాను. మీరూ నాతో ఉండండి.