పుష్పమ్మ ప్రార్థన అంశం

ముఖం అటు తిప్పుకుంటే నేను పోతననుకుంటున్నవా, జోయెల్ బిడ్డా? పోను. కిషన్‌బాగ్ నుంచి ఆటో మారి ఆటో ఎక్కి వచ్చిన. నీకోసం ఉస్మాన్‌గంజ్ అంత తిరిగిన. మిర్చి దుకాణాల కాడ తుమ్మి తుమ్మి కండ్లు ఎర్రగైనయి. ఏడ్చిననుకునేవు! కాదు, మిర్చి ఘాటు.

నువ్వు నీ ట్రాలీల సరుకు నింపుకో. నేనేమన్న అడ్డమా? గీ సంచి మీద కూసుంట. నీ సేటు అడిగితే మా అత్త అని చెప్పు. చెప్పబుద్ధి కాకపోతే ఎవరో ముసలామె అను. నాకేం కాదు.

మాట్లాడవా? సరే. నేనే మాట్లాడుత. నాకు అదొక్కటే కదా వచ్చింది!

అసలు నేను చేసింది ఏంది, చెప్పు? నీకోసం ప్రార్థన చెయ్యమని అడిగిన. గంతే కదా? అల్లుని మీద పగబట్టి అడిగిననా? పాస్టర్ డానియేలుగారు ఏం చెప్పిండు? ఒక్కరు అడిగితే ఒక తీరు, నలుగురు ఒక్క మనసుతోని అడిగితే ఇంకో తీరు అన్నడు. మరి నలుగురికి ఒక్క మనసు కావాలంటే ముచ్చట తెల్వాలె కదా? ఊకె "మా అల్లుని గురించి ప్రార్థన చెయ్యుండ్రి" అంటే వాళ్ళు ఏమని అడుగుతరు? జ్వరమనుకుంటరా, కాలిరిగిందనుకుంటరా?

గందుకే చెప్పిన. శుక్రవారం ఆడోళ్ళ ప్రార్థన కూడికల, మోకాళ్ళ మీద ఉండి చెప్పిన. "మా జోయెల్ తాగుడు మానిండు. ఈస్టర్ పండుగ సంది చుక్క ముట్టలేదు. తాగుడు మాన్పిచ్చే దవాఖానకు పోతున్నడు. గోలీలు మింగుతున్నడు, పొద్దుగాల చేతులు వణుకుతున్నయి. మళ్ళ జారిపోకుంట దేవుడు పట్టుకోవాలె" అని.

అందరు ఏడ్చిండ్రు, బిడ్డా. ఉత్తగ కాదు, నిజంగనే ఏడ్చిండ్రు. మన సంఘం ఇశ్రాయేలు పెండ్లాం అయితే నా వీపు మీద చెయ్యేసి నాకంటే ఎక్కువ ఏడ్చింది.

గామె మనవరాలు నువ్వు నడిపే స్కూల్ వ్యాన్లనే పోతదని నాకు ఆ టైముల యాదికొస్తే కదా!

లేదు లేదు, ఆమెను అంటలేను. ఆమెది తప్పంటే ఎట్ల? పసిపిల్లల ముచ్చట. నా మనవరాలే ఆ వ్యాన్ల ఉంటే నేను సప్పుడు చేయకుంట కూసుందునా? బడికి ఉరికి పోదును. ఆమె ఉరికింది. వాళ్ళు నిన్ను పిలిచి రేపటి నుంచి రావద్దన్నరు. నువ్వు తాగుతున్నన్ని దినాలు ఎవరికి తెల్వలేదు. మానినంక నౌకరి పోయింది. గిదేం న్యాయమో ఆ ప్రభువుకే తెల్వాలె.

ఆ సందెల నువ్వు ఇంటికొచ్చినప్పుడు నేను పొయ్యి కాడ ఉన్న. నువ్వు నా బిడ్డ రూపను ఒక్కటే అడిగినవ్, "ఎవరికి చెప్పినవ్?" అని. అది నా దిక్కు చూసింది. గంతే. నువ్వు చెప్పులేసుకుని బయటికి నడిచినవ్, మళ్ళ రాలేదు.

నన్ను ఒక్క తిట్టన్న తిట్టకపోతివి! తిడితే నేను కూడ నాలుగు అందును. లొల్లి అయితుండె, అయిపోతుండె. రాత్రికి బువ్వ తిందుము.

నీళ్ళు తాగుతవా? నా సంచిల ఉన్నయి. వద్దా? సరే, నేనే తాగుత.

పాస్టరుగారి కాడికి పోయిన. "అయ్యగారూ, నలుగురం కలిసి అడిగితిమి కదా, గిట్లెందుకైంది?" అన్న. ఆయన మంచోడే, పాపం. "ఇంకా గట్టిగ ప్రార్థించమ్మా, విశ్వాసం సడలనియ్యకు" అన్నడు. గట్టిగ అంటే నాకు ఒక్కటే తెలుసు. ఉపాసముండి, అర్రల నిలబడి, గొంతు పోయేదాక అరిచిన. నీ పేరు, నీ తాగుడు, నీ నౌకరి, అన్ని. గోడవతల ఫాతిమా ఖాలా నవ్వుకుంట అన్నది, "పుష్పమ్మా, ఖుదా బహిరా నై హై, జర ధీరే!" అని. దేవునికి చెవుడు లేదట, జర మెల్లగ అనుమంటది. నాకు మస్తు కోపమొచ్చింది. తర్వాత సిగ్గయింది. ఎందుకంటే, నీ ముచ్చట ఆమెకు కూడ మొత్తం ఎరుకైందన్నట్టే కదా.

కానీ నన్ను కోసింది ఆమె కాదు. నీ పెండ్లామే.

రొట్టెలు చేసుకుంట, నా దిక్కు చూడకుంట అన్నది. "ఎవరికి చెప్పనని జోయెల్‌కు మాటిచ్చిన అమ్మా. కడుపుల ఆగక నీకొక్కదానికే చెప్పిన, దేవునికి చెప్తవని. దేవునికి ముందే ఎరుక కదా. ఎరుక లేనిది కూడికకే. మరి నువ్వు ఎవరికి చెప్పినట్టు?"

జవాబు చెప్పు, బిడ్డా! నువ్వు చదువుకున్నోడివి కదా, నువ్వన్న చెప్పు.

తలుపేసుకుని అడుగుమని ప్రభువే చెప్పిండు కదా, అట్లనన్న చేద్దమని కూసున్న. తలుపేసిన. కొంగు కప్పుకున్న. నోరు ఇప్పకుంట లోపల్నే మాట్లాడుదామనుకున్న.

ఏం రాలేదు.

నవ్వకు! నవ్వలేదా? సరే. నిజంగ ఏం రాలేదు, జోయెల్. కూడికల అయితే నాకు ఏరు పారినట్టు వస్తది. అందరు అంటరు, పుష్పమ్మ ప్రార్థన చేస్తే రాయి కరుగుతదని. పక్కన ఒకామె "ఆమెన్" అంటది, ఇంకొకామె ముక్కు చీదుతది, నాకు ఇంకింత వస్తది. ఆ అర్రల ఎవరున్నరు? ఆయనొక్కడే ఉన్నడు. ఆయనతోని మాట్లాడబోతే నాకు మాట రాలేదు. కొత్త మనిషి ముందల కూసున్నట్టు అయింది. ఇంత వయసొచ్చినంక! నాకు భయమైంది, బిడ్డా. ఇన్నేండ్లు నేను ఎవరితోని మాట్లాడిన?

పాస్టరుగారికి గిది చెప్పలేదు. చెప్తే ఆయన ఆదివారం నాడు నాకోసం ప్రార్థన చేపిస్తడు, అందరితోని.

బడికి పోయిన, తెలుసా? నువ్వు కోపం చేస్తవని చెప్పలేదు. "మా అల్లుడు ఈస్టర్ సంది ముట్టలేదు, దవాఖానల అడుగుండ్రి" అన్న. వాళ్ళు మర్యాదగనే మాట్లాడిండ్రు. వేరే డ్రైవర్ వచ్చిండట. అయిపోయిన ముచ్చట అన్నరు. అవును, వాళ్ళకు అయిపోయింది.

నువ్వు ఇప్పుడు తాగుతున్నవా అని అడగను. అడగాలని నాలిక గుంజుతున్నది. అయినా అడగ. దగ్గరికొచ్చి వాసన కూడ చూస్తలేను, చూడు, ఇంత దూరం కూసున్న.

ఇంటికి రా అని కూడ అనను. అనెతందుకు నాకు ముఖమెక్కడిది? నేను లాల్‌దర్వాజాల మా చెల్లె ఇంటికి పోతున్న. బట్టలు సర్దిన. రూప వద్దన్నది, కానీ గట్టిగ అనలేదు. గట్టిగ అననందుకు నేను ఏమనుకోలేదు. ఇల్లు మీ ఇద్దరిది. నేనున్నంత సేపు నువ్వు గడప తొక్కవని నాకు తెల్వదా? గిది చెప్పెతందుకే వచ్చిన. ఇగ లేస్త.

ఏంది?

ఏమన్నవ్? జర గట్టిగ అను, లారీ చప్పుడు.

రూప ఎట్లున్నదనా?

అయ్యో, బిడ్డా! నోటి దాక వచ్చింది చూడు. అది ఎట్లున్నదో, ఏం తింటున్నదో, నీ గురించి ఏమన్నదో, నాకు తెల్వదా? నిన్న రాత్రి అది...

చెప్ప. నేను చెప్ప. అది దాని ముచ్చట. ఫోన్ చేసి దాన్నే అడుగు. ఎత్తకపోతే మళ్ళ చెయ్యి.

నేను పోతున్న. చెల్లె వాళ్ళ బస్తీల కూడ బుధవారం బుధవారం కూడిక ఉంటదట. కొత్తగ పోతే మొదలు గదే అడుగుతరు, "అక్కా, నీ ప్రార్థన అంశం ఏంది?" అని. ఏం చెప్పాలె? ఏం లేదని చెప్త. నా మొగం చూసినోళ్ళు ఎవరన్న నమ్ముతరా?

నమ్మకుంటే నమ్మకపోనీ.